ఐవీ వంచిన ఏడు పైపులు

ఆరు వారాలుగా ఐవీ బ్రాడ్‌బెంట్ వంటింట్లో ఒక మగమనిషి తిష్ట వేసుకుని ఉన్నాడు. పరాయివాడు కాదు లెండి, కట్టుకున్న మొగుడే. కానీ నలభై నాలుగేళ్ళ కాపురంలో తిండివేళకి తప్ప వంటింటి గడప తొక్కని మనిషి, ఇప్పుడు పొద్దస్తమానం అక్కడే కూర్చుని టీపొడి డబ్బా మూత తీసి ఎంత ఉందో చూస్తూ, చెంచాలన్నీ సైజు వారీగా సర్దుతూ, "ఈ అలమర తలుపు కిర్రుమంటోంది, విన్నావా పిల్లా?" అని అడుగుతుంటే ఏ ఆడదానికి ఒళ్ళు మండదు? మీరే చెప్పండి.

"విన్నాను క్లెమ్. పదిహేనేళ్ళ నుంచీ వింటున్నాను. షెడ్డులో ఆయిలు డబ్బా ఉందిగా, తెచ్చి రెండు చుక్కలు వెయ్యరాదూ?" అంది ఐవీ.

షెడ్డు మాట ఎత్తగానే క్లెమ్ మొహం మాడిపోయింది. చెంచాల సొరుగు మూసి కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. ఆ కిటికీలోంచి చూస్తే కనిపించేది షెడ్డే, పాపం.

వాళ్ళ ఊరు డెంటన్‌లో ఏ వీధికి వెళ్ళినా ఇంటికో షెడ్డు, షెడ్డుకో మొగుడు. కొందరు పావురాలు పెంచుకుంటారు, కొందరు ఉల్లికాడలు పెంచి పందేలకి పట్టుకెళ్తారు, కొందరికి ఇంజన్ల పిచ్చి. క్లెమ్‌ది మూడో రకం. ముప్ఫై ఆరేళ్ళు ఊళ్ళో ఫైరింజనుని కంటికి రెప్పలా చూసుకున్న మెకానిక్కు అతను. ఆ బండిని తుక్కు కింద పంపించేసిన ఏడు ఇతనూ రిటైరయ్యాడు. బండి ఎలాగూ పోయింది, దాని ఇంజనునైనా బతికిస్తానని షెడ్డులో కూర్చుని, అచ్చం దానిలాగే, దానిలో నాలుగో వంతు కొలతల్లో చిన్న ఇంజను చెయ్యడం మొదలుపెట్టాడు. రొట్టెల డబ్బా అంత ఉంటుందంతే. కానీ అందులో ప్రతి బోల్టూ, ప్రతి పళ్ళచక్రమూ, ఆఖరికి నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గులు కూడా తన చేత్తో చేసినవే. పదకొండేళ్ళు పట్టింది.

అంతా అయింది, ఒక్క ఆయిలు పైపులు తప్ప. అడుగున తొట్టిలో ఉన్న ఆయిలుని పంపు పీల్చి, దాన్ని వడగట్టే జల్లెడబుడ్డిలోకి తోసి, అక్కణ్ణించి లోపల తిరిగే ప్రతి కీలుకీ అందించాలి. అందకపోతే ఇనుము ఇనుముని రాసుకుని అర నిమిషంలో కరుచుకుపోతుంది. పదకొండేళ్ళ కష్టం అర నిమిషంలో గంగపాలు. అందుకని ఏడు పైపులు కావాలి, ఒక్కోటీ అల్లికసూది మందం, వాటి కొసలకి మిరియపు గింజంత నట్లు. సరిగ్గా అక్కడికి వచ్చేసరికి క్లెమ్ కుడిచేతి బొటనవేలు మొరాయించింది. కీలు అరిగిందన్నాడు డాక్టరు. పిడికిలి పట్టగలడు, బరువెత్తగలడు, మిషను చక్రం తిప్పగలడు. చిన్న వస్తువుని రెండు వేళ్ళ మధ్య పట్టుకోమంటే మాత్రం ప్రాణం పోయినంత పని. నట్టు జారుతుంది, తిట్టు వస్తుంది. మూడు రోజులు అలా జారిన నట్ల కోసం నేలమీద దేవుకుని దేవుకుని, నాలుగోరోజు షెడ్డుకి తాళం వేసి వంటింట్లోకి వచ్చి కూర్చున్నాడు.

జూలై మొదటి ఆదివారం, ఇలా చిన్న ఇంజన్లు చేసేవాళ్ళ క్లబ్బు పండగ. పార్కు పక్కన బల్లలు వేసి ఎవరు చేసినవి వాళ్ళు పెడతారు, ఊరంతా వస్తుంది. ఈసారి ఫైరింజను గుండె కొట్టుకుంటుందని క్లెమ్ ఎప్పుడో చెప్పేశాడు. ఇంకా నెల కూడా లేదు.

క్లబ్బు కార్యదర్శి డెస్మండ్ హిబర్ట్ పరామర్శకి వచ్చాడు. పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. బొగ్గుతో నడిచే చిన్న రైళ్ళు చేస్తాడు. 'సొంత చేతి పని' కప్పు మూడేళ్ళుగా అతని ఇంట్లోనే ఉంటోంది, ఆ సంగతి ఎవరూ మర్చిపోకుండా జాగ్రత్త కూడా తీసుకుంటాడు.

"దీనికింత దిగులేమిటి క్లెమ్! ఏడు పైపులేగా, ఒక్క పూటలో వంచి పారేస్తాను. కార్డులో మూడో గీత మీద నా పేరు రాసెయ్. అంతేగా," అన్నాడు, ఐవీ చేసిన కేకు రెండో ముక్క తీసుకుంటూ.

ఆ 'అంతేగా'లోనే ఉంది అసలు సంగతంతా. క్లబ్బు బల్లమీద ఏ వస్తువు పెట్టినా ముందు ఒక కార్డు పెట్టాలి. మొదటి గీత మీద చేసినవాడి పేరు, రెండో గీత మీద వస్తువు పేరు, మూడో గీత మీద 'ఇందులో ఇతరుల చేతి పని'. ఎవరి దగ్గరైనా ఒక్క నట్టు చేయించుకున్నా అక్కడ రాయాలి. ఎవరూ వచ్చి తనిఖీ చెయ్యరు, అందుకే ఎవరూ అబద్ధం రాయరు. అక్కడ ఏమీ లేదని అడ్డగీత కొట్టగలిగినవాడి వస్తువే కప్పుకి వెళ్తుంది. క్లెమ్ పదకొండేళ్ళుగా ఆ అడ్డగీతని కలగంటున్నాడు.

"అక్కర్లేదు. అద్దాలపెట్టెలో పెట్టేస్తాను. తిరక్కపోతే ఏం, చూడ్డానికి బానే ఉంటుంది," అన్నాడు క్లెమ్.

"బానే ఉంటుంది, బానే ఉంటుంది," అన్నాడు డెస్మండ్ మరీ మెత్తగా. ఐవీకి ఆ మెత్తదనం చూసి తినే కేకు లాగేసుకోవాలనిపించింది.

అద్దాలపెట్టె అంటే ఏమిటో ఆవిడకి తెలుసు. తిరగని ఇంజన్లని క్లెమ్ 'ఇనప బొమ్మలు' అంటాడు, ఆ మాట అనేటప్పుడు మూతి కూడా తిప్పుతాడు. తన ఇంజనుని తనే బొమ్మని చేసుకుంటానంటున్నాడంటే మనిషి లోపల ఎంత కుంగిపోయాడో! ఐవీకి జాలేసింది. జాలితోబాటు, ఈయన చచ్చేదాకా ఈ వంటింట్లోనే కూర్చుంటాడేమోనని భయమూ వేసింది. రెండూ నిజమే, దాచుకోవడం ఎందుకు.

మర్నాడు క్లెమ్ పొగాకు కొనుక్కోడానికి వెళ్ళినప్పుడు ఐవీ తాళం తీసుకుని షెడ్డులోకి వెళ్ళింది. ఒక చేతిలో ఊలు దారం ముక్క, ఇంకో చేతిలో టోపీల తీగ చుట్ట.

ఐవీ ముప్ఫై ఒక్క ఏళ్ళు టోపీల ఫ్యాక్టరీలో పనిచేసింది. ఆడవాళ్ళ టోపీల అంచుల్లో సన్న తీగ కుట్టడం ఆవిడ పని. తీగ ఎక్కడా మడత పడకూడదు, అంచు అల లాగా లేచి దిగాలి. చూసి వంచడమే, కొలబద్ద లేదు. ఫ్యాక్టరీ మూసేసినరోజు అందరూ కత్తెర్లో అచ్చులో గుర్తుగా తెచ్చుకుంటే, ఈవిడ ఒక తీగ చుట్ట తెచ్చుకుంది.

గోడమీద అంటించిన ఇంజను బొమ్మ చూసి, పంపు నుంచి జల్లెడబుడ్డి దాకా ఊలు దారం పట్టుకుని పొడవు కొలిచింది. ఆ పొడవుకి తీగ తుంచి వంచింది. దారిలో ఒక బోల్టు తల అడ్డొస్తే దాన్ని చుట్టి పోనిచ్చింది. పావుగంటలో తీగ రెండు కొసలూ రెండు కన్నాల దగ్గర వచ్చి కూర్చున్నాయి.

క్లెమ్ తిరిగొచ్చి షెడ్డు తలుపు తీసి ఉండడం చూసి పరిగెత్తుకొచ్చాడు. ఇంజను మీద తీగ చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"ఎవరు పెట్టారిది?"

"దెయ్యాలు పెట్టాయి. ఇంట్లో ఇంకెవరున్నారు?"

అతను కళ్ళజోడు సవరించుకుని వంగి చూశాడు. ఆ పక్కనుంచి చూశాడు, ఈ పక్కనుంచి చూశాడు. బోల్టు దగ్గర వంపు మీద వేలు ఆనించాడు.

"తీగ వేరు పిల్లా, పైపు వేరు. పైపు లోపల బోలు. వంచితే నొక్కుకుపోతుంది," అన్నాడు చివరికి.

"అయితే నేర్పు."

"నీకా?"

"కాదు, డెస్మండ్‌కి! అతన్ని పిలవనా?"

దాంతో క్లెమ్ ముక్కాలిపీట లాక్కుని కూర్చున్నాడు. ఆరు వారాల తర్వాత షెడ్డులో కూర్చోవడం అదే.

మొదటి పైపు నొక్కుకుపోయింది. రెండోదీ పోయింది. "చెప్పానా!" అన్నాడు క్లెమ్, ఆ అనడంలో కాస్త సంతోషం కూడా ఉంది, పాడు మనిషి. రాగిపైపుని మంటలో ఎర్రబడీ పడనట్టు కాల్చి నీళ్ళలో ముంచితే మెత్తబడుతుందనీ, వంచినకొద్దీ మళ్ళీ గట్టిపడుతుందనీ, అప్పుడు మళ్ళీ కాల్చాలనీ చెప్పాడు.

"ఓస్, ఇంతేనా! టోపీ ఉన్ని కూడా ఇంతేగా. ఆవిరి తగిలితే మెత్తన, ఆరితే గట్టి. ముందే ఆ మాట చెప్పి ఏడవచ్చుగా," అంది ఐవీ.

మూడోది నొక్కుకుపోలేదు. ఒక్కచోట పట్టుకుని వంచెయ్యకుండా, బొటనవేళ్ళతో పొడుగునా రాస్తూ, పైపుని తను చెప్పినవైపు నడిపించుకుంటూ పోయింది. క్లెమ్ ఇంకో పైపు ముక్క అందించాడు.

ఆ రోజు నుంచీ ఇద్దరికీ అదే పని. పొద్దున్నే టీ తాగి షెడ్డులోకి పోతారు, రేడియోలో క్రికెట్ పెట్టుకుంటారు. ఐవీ వంచుతుంది, క్లెమ్ అతుకుతాడు. మంట పట్టుకోడానికి పిడికిలి చాలు కదా. కొసలకి వెలిగారం పూసి, వెండి టంకం ముక్క ఆనించి, అది వెలుగుతూ జారి అతుకులోకి పాకడం చూస్తుంటే ఐవీకి ముచ్చటేసేది. అయ్యాక నల్లబడ్డ పైపుని నిమ్మ ఉప్పు నీళ్ళలో నానబెడితే కొత్త పెళ్ళికూతురిలా తేలుతుంది.

"క్లెమ్! ఇది నేను ఆపిల్ పై చేసే గిన్నె!" అని కేక పెట్టింది ఐవీ మొదటిరోజే.

"కడిగేస్తాలే."

"అందులో నువ్వే తినాలి, గుర్తుంచుకో."

టంకం లోపలికి కారి దారి మూసేసిందేమోనని, అతికిన ప్రతి పైపునీ ఒక కొస గ్లాసు నీళ్ళలో ముంచి రెండో కొస నోట్లో పెట్టుకుని ఊదాలి. బుడగలొస్తే దారి ఉన్నట్టు. ఊదడం ఐవీ వంతు. ఏడు పైపులూ ఏడుసార్లూ బుడగలొచ్చాయి. ఏడోది అన్నిట్లోకీ పొడుగుది, ఇంజను వెనకనుంచి పాక్కుంటూ పైకెక్కి, వాల్వులని తొక్కే ఎనిమిది బుల్లి చేతులకి ఆయిలు అందించేది. రెండు మెలికలు, ఒక సుడి. దాన్ని బిగించినరోజు ఐవీ ఇంట్లోకి వెళ్ళి చేతులు కడుక్కోకుండా కాసేపు అలాగే కూర్చుంది. ముప్ఫై ఒక్క ఏళ్ళు కుట్టిన టోపీలు ఎవరెవరి నెత్తిమీదో వెళ్ళిపోయాయి, ఇదొక్కటీ కళ్ళముందుంది.

మంచిరోజులంటే అవే. వంటింట్లో చెంచాలు ఎక్కడివక్కడ చిందరవందరగా పడి ఉన్నాయి, ఐవీకి ఎంత హాయిగా ఉందో.

పండగ ముందు శుక్రవారం ఆయిలు పరీక్ష. ఇంజను అంటించరు. ప్లగ్గులు విప్పేసి, కరెంటు డ్రిల్లుతో ఇంజనుని ఊరికే తిప్పుతారు. పంపు తిరిగి ఆయిలు పైకి రావాలి, ఆయిలు వత్తిడి చూపించే మీటరు ముల్లు లేవాలి. పంపు పొడిగా ఉంటే పీల్చదని, ఐవీ అలంకరణ బల్లమీది వాజలీను డబ్బా తెచ్చి పళ్ళచక్రాల మధ్య దట్టంగా కూరాడు క్లెమ్. ఐవీ చెంచాతో లెక్కపెట్టి పన్నెండు చెంచాల ఆయిలు పోసింది. బల్ల మరకలవుతుందని, టోపీలు చుట్టే తెల్లటి పల్చటి కాగితం చింపి ఆ ఎనిమిది చేతుల కింద పరిచింది.

"తిప్పుతున్నా!" అన్నాడు క్లెమ్.

డ్రిల్లు గుర్రుమంది. బుల్లి ఇంజను తిరిగింది. ముల్లు ఒక్క క్షణం కదలకుండా ఉండి, తర్వాత ఇరవై, నలభై, అరవై, ఎనభై దగ్గరికి వెళ్ళి ఆగింది.

"ఎనభై!" అని అరిచాడు క్లెమ్. "చూశావా పిల్లా, ఎనభై! అసలు బండికే ముప్ఫై దాటేది కాదు. కొత్త ఇంజను, బిగువు మీద ఉంది, అందుకే!" డ్రిల్లు కింద పెట్టి, డెబ్భై రెండేళ్ళ మనిషి, ఆ ఇరుకులో ఐవీని పట్టుకుని ఒక చుట్టు తిప్పాడు. "ప్లగ్గులు పెట్టెయ్. పెట్రోలు పోసెయ్. ఇప్పుడే అంటిద్దాం!"

ఐవీకీ గుండె పొంగింది. ప్లగ్గు తీసుకుని వంగింది. వంగినప్పుడు కాగితం కనిపించింది.

తెల్లగా ఉంది. పెట్టెలోంచి తీసినప్పుడు ఎలా ఉందో అలాగే. ఎక్కడా ఒక్క మరక లేదు.

"క్లెమ్, పైకి ఆయిలు రాలేదు."

"వస్తుంది, వస్తుంది. ఎనభై ఉందిగా!"

"ఎనభై ఉంటే ఎక్కడుంది? ఇక్కడ మాత్రం లేదు. ఏడో పైపు నుంచి ఒక్క చుక్క పడలేదు."

క్లెమ్ వేలు పెట్టి చూశాడు. పొడి. అతని మొహంలో వెలుగు ఆరిపోయింది, ఆ చోట్లో చిరాకు వచ్చింది.

"అయితే ఏడో పైపు మూసుకుపోయింది. ఆ సుడి దగ్గర నొక్కేసి ఉంటావు. అప్పుడే అనుకున్నాను, అన్ని మెలికలు ఎందుకని."

"నేను ఊదాను. బుడగలు వచ్చాయి. నువ్వూ చూశావు."

"సరిగ్గా ఊది ఉండవు. ఇది టోపీ కాదు ఐవీ, ఇంజను!"

పిల్లా లేదు, ఏమీ లేదు, ఉత్త ఐవీ. ఆవిడ పెట్రోలు సీసా తీసి ఏప్రాన్ జేబులో వేసుకుంది. తర్వాత చిన్న పానా తీసుకుని ఏడో పైపు రెండు నట్లూ విప్పింది, పైపుని నోట్లో పెట్టుకుంది, క్లెమ్ చెవి దగ్గర ఊదింది. గాలి అతని తెల్లజుట్టుని లేపింది.

"మూసుకుపోయిందా?"

క్లెమ్ జుట్టు సవరించుకున్నాడు.

"ఆరోది విప్పనా?"

ఆరోది ఊదింది. అయిదోది ఊదింది. అన్నీ బాగానే ఉన్నాయి, అన్నీ పొడిగానే ఉన్నాయి. నాలుగోది మీటరుకి వెళ్ళేది, దాన్ని వదిలేసింది. మూడోది జల్లెడబుడ్డి నుంచి ఇంజను పక్క గోడలోకి వెళ్ళేది. దాని నట్టు అరచుట్టు తిప్పిందో లేదో, లోపల బిగబట్టుకుని ఉన్న ఆయిలు చివ్వున చిమ్మి క్లెమ్ కళ్ళజోడు మీద పడింది.

"ఇదిగో నీ ఎనభై," అంది ఐవీ.

ఆయిలు ఇక్కడిదాకా వచ్చింది. ఇక్కణ్ణించి లోపలికి వెళ్ళే దారి లేక, వెనక్కి నొక్కుకుని ముల్లుని ఎనభైకి తోసింది. క్లెమ్ కళ్ళజోడు తుడుచుకోవడం కూడా మర్చిపోయి ఆ జాయింటు కన్నంలోకి చూశాడు. ఐవీ టోపీ తీగ ముక్క తుంచి ఇచ్చింది. అతను పిడికిట్లో పట్టుకుని కన్నంలోకి పొడిచాడు. గోరంత దూరం వెళ్ళి టక్కున ఆగింది. మళ్ళీ పొడిచాడు, మళ్ళీ ఆగింది.

క్లెమ్ ముక్కాలిపీట మీద కూలబడ్డాడు.

"గుడ్డి కన్నం, అవతలికి దారి లేదు," అన్నాడు నెమ్మదిగా. "నేనే చేశాను. మొదటి ఏడు, క్లబ్బు బల్లమీద వట్టి డొల్ల పెడదామని. అప్పట్లో ఆయిలు లోపలి దారిన పంపాలనుకున్నా. అసలు ఇంజనుకి ఇక్కడ జాయింటు ఉంటుంది కాబట్టి, చూపుకి ఒకటి ఉండాలని ఉత్తుత్తిది పెట్టాను. తర్వాతేడు దారి మార్చాను. లోపలి కన్నం పూడ్చేశాను. ఇది ఉత్తుత్తిదన్న సంగతే మర్చిపోయాను."

చూడండి మరి. ఫైరింజన్లో ఉన్నట్టే ఉండాలని, ఎంత అచ్చంగా చేశాడంటే, చేసినవాడే అది నిజమని నమ్మేశాడు. ఆ షెడ్ల మనుషులు తప్ప ఇంకెవరూ చెయ్యలేని తప్పు అది. పెట్రోలు పోసి అంటించి ఉంటే మీటరు ఎనభై చూపిస్తూనే ఉండేది, లోపల అంతా కరుచుకుపోయేది.

ఐవీ ఒక నిమిషం చూసింది. 'తప్పు నాది, నీ పైపుది కాదు' అన్న మాట వస్తుందేమోనని. రాలేదు. అతనికి ఆ భయమే ఇంకా దిగలేదు, ఆ కన్నంలోకే చూస్తున్నాడు.

"కన్నం పొడవగలవా?" అని అడిగింది.

"మిషను మీద పొడుస్తాను. దానికి ఈ వేలుతో పని లేదు."

లోపలి కాలవ చివర బిరడా విప్పి, పొడిచినప్పుడు రాలే లోహపు రజను అంటుకునేందుకు డ్రిల్లు బిట్టుకి గ్రీసు పూసి, ఇంజనుని డ్రిల్లు మిషను కింద పెట్టి చక్రం తిప్పాడు. కొద్దిగా దింపడం, పైకి తీయడం, ఐవీ రజను తుడవడం, మళ్ళీ దింపడం. ఆఖరికి మిషను చప్పుడు మారింది, బిట్టు బోలులోకి పడింది. ఆ కాలవలోకి పెట్రోలు చిమ్మి, ఊది, మళ్ళీ చిమ్మి, రజను లేదని తెల్లకాగితం మీద చూసుకుని గానీ పైపులు బిగించలేదు.

మళ్ళీ డ్రిల్లు గుర్రుమంది. ముల్లు ఇరవై, ముప్ఫై, ముప్ఫై అయిదు దగ్గర ఆగింది. ఈసారి క్లెమ్ ముల్లు వైపు చూడలేదు. ఇద్దరూ కాగితం వైపే చూశారు. మొదటి చేతి కింద ఒక చుక్క ఊరింది, నిలిచింది, పడింది. రెండో దాని కింద ఇంకోటి.

"మూడు," అంది ఐవీ. "నాలుగు. అయిదు... క్లెమ్, ఆపకు. ఏడు. ఎనిమిది!"

తెల్లకాగితం మీద ఎనిమిది మరకలు. ఐవీకి ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది.

"డెస్మండ్‌కి చెప్పకు," అన్నాడు క్లెమ్. "గుడ్డి కన్నం సంగతి. జన్మంతా ఏడిపిస్తాడు."

"చెప్పను. ఇంకోటి విను. కార్డులో నా పేరు రాయకు. అడ్డగీత కొట్టెయ్. మొగుడూ పెళ్ళాల మధ్య ఇతరులేమిటి? ఎవరికి తెలుస్తుంది?"

అతను వెంటనే వద్దంటాడనుకుంది. "సరే, చూద్దాం," అన్నాడంతే. ఐవీ లోపలికి వెళ్ళి టీ పెట్టింది. నేనే వద్దన్నాను కదా, ఇంక ఈ నొప్పేమిటని తనని తనే తిట్టుకుంది. కానీ 'ఇది టోపీ కాదు' అన్న మాట టీతో దిగలేదు.

శనివారం పూటంతా క్లెమ్ షెడ్డు తలుపు వేసుకునే ఉన్నాడు. ఇంజను తుడుస్తున్నాడు కాబోలనుకుంది. అన్నానికి పిలిస్తే రెండుసార్లు "వస్తున్నా" అని మూడోసారికి వచ్చాడు.

ఆదివారం మంచి ఎండ కాసింది, డెంటన్‌లో అదీ ఒక వింతే. పార్కు పక్కన డెస్మండ్ రైలు పిల్లల్ని ఎక్కించుకుని కూ కొడుతూ తిరుగుతోంది. బల్లల దగ్గర జనం మూగారు. క్లెమ్ ఇంజనుని బల్లమీద బిగించి, కార్డుని బోర్లా పెట్టి, పెట్రోలు తెరిచి, అరచేత్తో చక్రాన్ని విసురుగా తిప్పాడు. మొదటిసారి తుమ్మింది. రెండోసారి అందుకుంది.

ఆ చప్పుడు! చిన్నదే గానీ ఫైరింజనుదే. జనంలో ఒక ముసలావిడ "అరె, ఇది మన స్టేషన్ బండి!" అని పైకే అనేసింది. ముల్లు ముప్ఫై రెండు దగ్గర నిలకడగా నిలబడింది. ఎండలో ఏడు రాగిపైపులూ మెరుస్తున్నాయి. ఐవీ ఏడో దాని సుడి వైపు చూస్తూ నిలబడింది.

డెస్మండ్ రైలు ఎవరికో అప్పగించి వచ్చాడు. వంగి పైపులు చూశాడు, ఇంకా వంగి చూశాడు. "మరి వేలు బాగోలేదన్నావు!" అన్నాడు అనుమానంగా. "ఏదీ, కార్డు తిప్పు. కప్పు జాబితా రాసుకోవాలి."

"నువ్వే తిప్పు," అన్నాడు క్లెమ్.

డెస్మండ్ కార్డు తిప్పి, పోస్టాఫీసు అలవాటు కొద్దీ పైకి చదివాడు.

"క్లెమెంట్ బ్రాడ్‌బెంట్. ఫైరింజను ఇంజను, నాలుగో వంతు. ఇందులో ఇతరుల చేతి పని..." అక్కడ ఆగాడు. మూడో గీత నిండి, కిందికి జారి, కార్డు అడుగు దాకా వంకరటింకర అక్షరాలు ఉన్నాయి. "ఆయిలు పైపులు ఏడూ వంచింది ఐవీ బ్రాడ్‌బెంట్. మూడో పైపు దగ్గర గుడ్డి కన్నం కనిపెట్టి ఇంజనుని దక్కించింది కూడా ఆవిడే. ఆ గుడ్డి కన్నం చేసి, మర్చిపోయి, తప్పు ఆవిడ పైపు మీదికి నెట్టడం మాత్రం పూర్తిగా నా సొంత చేతి పని."

 జనం గొల్లున నవ్వారు. డెస్మండ్ కూడా నవ్వాడు, నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు.

"గుడ్డి కన్నమా! క్లెమ్, నువ్వా!" అన్నాడు. "ఇది కప్పుకి రాదు, తెలుసుగా?"

"తెలుసు. నువ్వే పట్టుకెళ్ళు. మూడేళ్ళకి తోడు నాలుగో ఏడు."

డెస్మండ్ వెళ్ళబోతూ ఐవీ పక్కన ఆగి గొంతు తగ్గించాడు. "మేడమ్, మా రైలుకి ఆవిరి పైపు ఒకటి నాలుగుసార్లు నొక్కుకుపోయింది. వచ్చే నెల ఏమైనా తీరికుంటుందా?"

"కార్డులో నా పేరు రాస్తారా మరి?" అంది ఐవీ. అతను నవ్వలేక నవ్వి రైలు దగ్గరికి పోయాడు.

ఐవీ కార్డు తీసుకుని తను ఒకసారి చదువుకుంది. అక్షరాలు ఒక్కోటీ ఒక్కో వైపు వాలిపోయి ఉన్నాయి. కలం పట్టుకోవాలన్నా ఆ రెండు వేళ్ళే కావాలని అప్పుడు గుర్తొచ్చింది ఆవిడకి.

"ఇంత రాయడానికి ఎంతసేపు పట్టింది?"

"నిన్న పూటంతా," అన్నాడు క్లెమ్, ఇంజను వైపే చూస్తూ. "మూడు కార్డులు పాడైపోయాయి పిల్లా."

"ఆ పాడైనవి ఏం చేశావు?"

"షెడ్డులో చెత్తబుట్టలో ఉన్నాయి. రేపు పారేస్తాలే."

"పారెయ్యకు," అంది ఐవీ. అతని కుడిచెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని, రాగిపైపుని రాసినట్టు, బొటనవేలుని పొడుగునా మెల్లగా రాస్తూ నిలబడింది.